పళ్ళ డాక్టరుగారి ఫుట్‌బాలు

పసుపు చొక్కాల జట్టు గురించి తను చెప్పిన మాటను కాదన్నవాడు ఈ ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదని పళ్ళ డాక్టరుగారి గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ఆయన దగ్గరికి రోజూ మనుషులు వస్తారు, కుర్చీలో వెనక్కి వాలతారు, నోరు బార్లా తెరుస్తారు. ఆయన ఒక బుగ్గలో దూది కుక్కి, రెండో బుగ్గకి ఉమ్ము లాగే గొట్టం తగిలించి, చేతిలోకి చిన్న అద్దం తీసుకుని, అప్పుడు మొదలుపెడతారు. శనివారం మ్యాచ్‌లో ఎక్కడ తప్పు జరిగిందో, ఎవడిని పీకేయాలో, ఎవడిని తేవాలో పూస గుచ్చినట్టు చెబుతారు. చెప్పిందంతా విని, నోరు పుక్కిలించి, డబ్బులిచ్చి, బుగ్గ పట్టుకుని వెళ్ళిపోతారు జనం. ఒక్కరు కూడా అడ్డు చెప్పరు. ఊరంతా ఒక్క మాట మీద ఉందని ఆయన అనుకోవడంలో ఆశ్చర్యమేముంది?

రిటైరైన జడ్జిగారు ఒకాయన ఉన్నారు. బతుకంతా ఎదుటివాళ్ళ వాదనలు కొట్టిపారేసిన మనిషి. అంతటివాడు ఈ కుర్చీలో పడుకుని, కోచ్‌ను తక్షణం ఎందుకు సాగనంపాలో మొత్తం విని, ఒక్క అభ్యంతరం లేవదీయలేదు. ఆ సంగతి డాక్టరుగారు తర్వాత వచ్చిన రోగులందరికీ చెప్పుకున్నారు. జడ్జిగారంతటివారే ఒప్పుకున్నాక ఇక పై కోర్టు ఎక్కడుందని అడిగారు. వాళ్ళూ ఏమీ అనలేదు.

ఆయన గదిలో రోగి మెడకు కట్టే గుడ్డ పసుపుపచ్చది. నోరు పుక్కిలించే గ్లాసు పసుపుపచ్చది. అవతలి జట్టు అభిమాని వచ్చినా సరే, ఆ గుడ్డ కట్టుకుని, ఆ గ్లాసు నీళ్ళు పుక్కిలించి, మనవాడై లేవాల్సిందే. బల్ల మీద ప్లాస్టరుతో చేసిన దవడల బొమ్మ ఒకటి ఉంటుంది. పళ్ళు ఎలా తోముకోవాలో చూపించడానికని కంపెనీవాళ్ళు ఇచ్చారు. డాక్టరుగారు దాన్ని ఆ పనికి ఎప్పుడూ వాడలేదు. ముందు పళ్ళు ఫార్వర్డ్‌లు, కోరలు మధ్యలో ఆడేవాళ్ళు, దవడ పళ్ళు డిఫెండర్లు, అన్నిటికీ వెనక కదులుతూ ఉండే నాలుక గోల్‌కీపరు. జ్ఞానదంతం ఎవరంటే కోచ్. ఆలస్యంగా వస్తాడు, ఏ పనికీ రాడు, ఉన్నన్నాళ్ళు నొప్పి. ఈ మాట అన్నప్పుడల్లా ఆయన తనే నవ్వుకుంటారు, ఎందుకంటే రోగి నవ్వే స్థితిలో ఉండడు.

పక్కన ఉమ్ము గొట్టం పట్టుకుని నిలబడేది ఆయన బావమరిది. ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవని వాణ్ణి అక్కగారు తెచ్చి ఇక్కడ నిలబెట్టింది. చేరిన వారానికే వాడికి పని వచ్చేసింది. రెండో వారానికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు వచ్చేశాయి. టోపీ కింద అవి కనపడవు. బావ పెదాలు కదిలినంతసేపూ తల ఊపుతుంటాడు, పాట మారితే ఊపు కూడా మారుతుంది. తన మాటల్లోని లోతును బట్టి వీడి తల ఊపు మారుతుందని డాక్టరుగారు ముచ్చటపడేవారు.

ఇంట్లో సంగతి వేరు. భార్య కాలేజీలో పాఠాలు చెబుతుంది, ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. అత్తగారికి ప్రతి విషయానికీ ఒక కథ ఉంటుంది, ఆ కథకు ఇంకో కథ ఉంటుంది. కూతురు ఇద్దరినీ కలిపి మింగేసే రకం. భోజనాల బల్ల దగ్గర డాక్టరుగారు ఒక వాక్యం మొదలుపెడితే క్రియాపదం దాకా చేరిన రోజు లేదు. 'నిన్న మన ఎడమ పక్క డిఫెండరు' అనేసరికి ఎవరో ఒకరు కూర అందించమంటారు. కూర అందించి వచ్చేసరికి మాట ఇంకెక్కడికో పోయి ఉంటుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆయనంటే ప్రాణం కూడా. కానీ ఆయన ఏం చెబుతున్నారో చివరిదాకా విందామన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. ఇది ఆయనకు లోలోపల చాలా బాధగా ఉండేది. అందుకే సెలవు రోజు కూడా ఏదో వంకతో క్లినిక్కు తెరిచేవారు.

ఇక ఆయన అభిప్రాయాల్లో అన్నిటికన్నా పెద్దది గోల్‌కీపరు మీద. జట్టు గెలిచే రోజుల్లో జనం అతన్ని గోడ అని పిలిచేవారు. ఈ ఏడాది వరసగా ఓడిపోవడం మొదలయ్యాక జల్లెడ అంటున్నారు. డాక్టరుగారైతే గోడ అన్న రోజుల్లోనే పెదవి విరిచిన మనిషి. అతను గీత మీదే అంటుకుపోతాడని, ముందుకు వచ్చి బంతి అందుకోవాలని సోమవారం రూట్ కెనాల్‌కు వచ్చినవాళ్ళకు చెప్పారు. అస్తమానం ముందుకు ఉరుకుతాడని, గీత వదలకూడదని బుధవారం పళ్ళు కట్టించుకునేవాళ్ళకు చెప్పారు. ఎడమకు దూకడం రాదన్నారు, ఎడమకు తప్ప దూకడం రాదన్నారు. రెండూ నిజమనే ఆయన ఉద్దేశం. చెప్పేటప్పుడు ఏది చెబితే అది ఆయనకు అక్షరాలా నిజమనిపించేది. పసుపు చొక్కాలంటే ఆయనకు అంత ప్రేమ, ప్రేమ ఉన్నచోట లెక్క ఎవరు చూస్తారు?

అలాంటి ఆ గోల్‌కీపరు ఒక సోమవారం ఉదయం స్వయంగా వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

మొదట ఆయన పోల్చుకోలేదు. ముఖానికి మఫ్లరు చుట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, దొంగలా వచ్చాడు మనిషి. మఫ్లరు తీస్తే బుగ్గ బూరెలా వాచి ఉంది. శనివారం సొంత డిఫెండరు మోచెయ్యి తగిలి దవడ పన్ను విరిగింది. కుర్చీ చేతుల మీద అతను అరచేతులు ఆనిస్తే కుర్చీ చేతులే కనపడకుండా పోయాయి. ఆ అరచేతుల్ని చూశాక డాక్టరుగారికి అనుమానం తీరింది. బావమరిది ఇయర్‌ఫోన్లు తీసి జేబులో వేసుకున్నాడు. తన పెళ్ళిలో కూడా వాడు అవి తీయలేదు.

మత్తు సూది వేశారు. దూది పెట్టారు. గొట్టం తగిలించారు. డాక్టరుగారు మర్యాదస్తులు, ఈ ఒక్కసారికి నోరు మూసుకుని పని చేసుకుందామని నిజంగానే అనుకున్నారు. కానీ ఎదురుగా ఉన్నది ఎవరు? ఏళ్ళ తరబడి ఎవరి గురించి ఊరందరికీ చెబుతూ వచ్చారో ఆ మనిషే, నోరు తెరుచుకుని, జవాబు చెప్పలేని స్థితిలో ఒళ్ళో వచ్చి పడ్డాడు. ఇలాంటి అవకాశం ఏ అభిమానికైనా జన్మకొక్కసారి దొరుకుతుందా? ముందు చిన్నగా, మీ ఆటంటే మాకు గౌరవమే బాబూ అని మొదలుపెట్టారు. పన్ను మూలం దాకా వెళ్ళేసరికి గౌరవం అయిపోయింది. గీత మీద అంటుకుపోవడం దగ్గర్నుంచి, కార్నర్ కిక్‌కు గుడ్లప్పగించి చూడటం దాకా అన్నీ చెప్పేశారు. ప్లాస్టరు దవడలు తెచ్చి అతని ముఖం ముందు పెట్టి నాలుక ఎక్కడుండాలో చూపించారు.

గోల్‌కీపరు ఎప్పుడో కళ్ళు మూసుకున్నాడు. కొంచెంసేపటికి ఆ మూసిన కళ్ళ కొసల్లోంచి నీళ్ళు జారాయి. అది చూసి డాక్టరుగారి గుండె కరిగిపోయింది. పెద్దమనిషి, తప్పు తెలుసుకున్నాడు అనుకున్నారు. పని అయ్యాక భుజం తట్టి లేపితే అతను ఎక్కడున్నాడో తెలియనట్టు చుట్టూ చూసి, దూది ఉమ్మేసి, ఇంకా ఎన్నిసార్లు రావాలని అడిగాడు. రూట్ కెనాల్ కదా, ఇంకో రెండు మూడుసార్లు తప్పదన్నారు డాక్టరుగారు. ఆ మాటకు ఎవరైనా ముఖం మాడ్చుకుంటారు. ఇతని ముఖం వెలిగింది.

ఆ శనివారం స్టేడియంలో గోల్‌కీపరు గీత వదిలి ముందుకు వచ్చాడు. మెట్ల మీద కూర్చున్న డాక్టరుగారు లేచి నిలబడిపోయారు. చెప్పాను, నేను చెప్పానని పక్కవాడి చెయ్యి పట్టుకుని ఊపేశారు. బంతి గోల్‌కీపరు తల మీదుగా వెళ్ళి ఖాళీ గోల్‌లో పడేదాకా ఆయన సంతోషానికి అంతులేదు. పడ్డాక కూడా ఒక క్షణం సంతోషంగానే ఉన్నారు. తన మాట ఒకరు విన్నారు. ఇంటా బయటా జరగనిది జరిగింది. జట్టు ఓడిపోయిందన్న సంగతి ఆయనకు బయట బస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

మళ్ళీ సోమవారం వచ్చినప్పుడు, మరీ అంత ముందుకు రాకూడదని, గీత మీద ఉండాలని దిద్దారు. శనివారం అతను గీత మీద పాతేసిన గుంజలా నిలబడ్డాడు, పక్కనుంచి బంతులు వెళ్ళిపోయాయి. ఎడమకు దూకమన్న వారం ఎడమకు దూకాడు, బంతి కుడికి వెళ్ళింది. ఏ వారం ఏం చెప్పినా అతను అదే చేశాడు, జట్టు ఓడింది. డాక్టరుగారు ఇన్నేళ్ళలో అనని మాట లేదు కాబట్టి, అతను ఏం చేసినా అది ఎప్పుడో ఒకప్పుడు ఆయన అన్నదే అయి ఊరుకుంది. ఈ చిన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆయనకు తట్టింది ఒక్కటే. పసుపు చొక్కాల జట్టు అడుగుకు జారిపోతోంది. దాన్ని జార్చేది కోచ్ కాదు, డిఫెండర్లు కాదు, తను.

పన్ను బాగైపోయింది. క్యాపు కూడా వేసేశారు. అయినా గోల్‌కీపరు రావడం మానలేదు. ఒకసారి చూడండి డాక్టరుగారూ, ఏదో లాగుతున్నట్టుందంటాడు. చూస్తే ఏమీ ఉండదు. పంపించేయడానికి ఆయనకు నోరు రాదు, అతను బతిమాలినట్టు చూస్తాడు. చేసేదేం లేక పళ్ళు పాలిష్ చేసేవారు. చేసిన పళ్ళే మళ్ళీ మళ్ళీ చేసి అవి ఎంత మెరిశాయంటే, ఎండ పూట మ్యాచ్‌లో గోల్‌కీపరు నోరు తెరిస్తే అవతలి ఫార్వర్డ్‌లు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. అది ఒక్కటే ఆ రోజుల్లో జట్టుకు కలిసొచ్చింది.

నోరు కట్టేసుకుందామని డాక్టరుగారు ప్రయత్నం చేయకపోలేదు. ఒక సోమవారం ఒక్క ముక్క మాట్లాడకుండా పని మొదలుపెట్టారు. గోల్‌కీపరు కాసేపు కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఒక కన్ను తెరిచాడు. అటు కదిలాడు, ఇటు కదిలాడు. చివరికి గొట్టం చేత్తో తీసి, ఒంట్లో బాగాలేదా డాక్టరుగారూ అని అంత దిగులుగా అడిగాడు. తన మాట కోసం ఒక మనిషి అలా ఎదురుచూడటం ఆయన జీవితంలో అదే మొదలు. మాట్లాడకుండా ఎలా ఉంటారు?

సరే, ఫుట్‌బాల్ తప్ప ఇంకేదైనా మాట్లాడదామని వాతావరణం ఎత్తుకున్నారు. ఈ ఏడు మబ్బులు పడుతున్నాయే కానీ వాన లేదని, పైకి చూసి చూసి మెడలు పడిపోతున్నాయని అన్నారు. శనివారం ఆట మధ్యలో గోల్‌కీపరు తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, ఆకాశంలోకి చూశాడు. బంతి కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి వారం ఇంకా జాగ్రత్తపడి అత్తగారి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు. శనివారం గోల్‌కీపరు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఆ రోజు నుంచి డాక్టరుగారి క్లినిక్కులో కాలు, చెయ్యి, వెన్ను అన్న మాటలు వినపడలేదు. దంతం అనడానికి కూడా జంకేవారు, అది మాత్రం వృత్తి కాబట్టి తప్పేది కాదు.

వేరే పళ్ళ డాక్టరు దగ్గరికి పంపేయరాదా అని బావమరిది సలహా ఇచ్చాడు. ఆ వీధి చివర ఇంకో పళ్ళ డాక్టరు ఉన్న మాట నిజమే. కానీ అతను అవతలి జట్టు అభిమాని. అలాంటివాడి చేతిలో డ్రిల్లు, మన గోల్‌కీపరు నోట్లో? ఆ ఊహకే డాక్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

ఇంట్లో చెప్పుకుందామని చూశారు. 'మన జట్టు ఇలా అయిపోవడానికి కారణం' అన్నారు భోజనాల దగ్గర. అత్తగారు తనకు తెలిసిన ఒక జట్టు సంగతి ఎత్తుకుంది. అది జట్టు కూడా కాదు, ఎవరో బంధువుల కుటుంబం.

చివరి మ్యాచ్ దగ్గరపడింది. ఓడిపోకుండా గట్టెక్కితే పై డివిజన్‌లో ఉంటారు. ఓడితే కింది డివిజన్‌కు పోతారు. పసుపు చొక్కాలు కింది డివిజన్‌లో ఆడటం డాక్టరుగారు పుట్టాక ఎన్నడూ జరగలేదు. చిన్నప్పుడు ఆయనను వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కించుకుని చూపించిన జట్టు అది. ఇంట్లో ఎవరూ వినని మాటలన్నీ ఆయన ఆ జట్టుతోనే చెప్పుకున్నారు, స్టేడియంలో అరిచి, రేడియో ముందు గొణిగి, టీవీ ముందు తిట్టి. అది తన చేతుల మీదుగా మునిగిపోతుంటే ఆయనకు అన్నం సయించలేదు. చేయాల్సింది ఏమిటో ఆయనకు తెలుసు. కానీ అది చేస్తే లోకంలో తన మాట వినే ఒక్కగానొక్క మనిషి కూడా ఇక ఉండడు. రెండు రోజులు ఆ సంగతే ఆలోచించారు. ఆలోచిస్తూ ఒకరికి పుచ్చిన పన్ను బదులు మంచి పన్నుకు మత్తు ఇచ్చి, మళ్ళీ ఇచ్చారు.

శుక్రవారం మధ్యాహ్నం గోల్‌కీపరు వచ్చాడు. డాక్టరుగారు వీధి తలుపు వేయించారు. అతని తర్వాత వరసలో కూర్చున్న ఇద్దరు రోగుల్ని బావమరిది చేత పంపించేశారు. వాళ్ళు నొప్పితోనే వెళ్ళారు, ఆయన జీవితంలో అలా పంపడం అదే మొదలు. పసుపు గుడ్డ కట్టారు. దూది పెట్టలేదు, గొట్టం పెట్టలేదు. అయినా అలవాటు కొద్దీ గోల్‌కీపరు నోరు తెరిచి, కళ్ళు మూసుకుని, వెనక్కి వాలాడు. డాక్టరుగారు ఎప్పటిలాగే ముందు అటూ ఇటూ చాలాసేపు తిరిగారు. తన తండ్రి భుజాల సంగతి, గెలిచిన కప్పుల సంగతి, వానలో ఆడిన ఆటల సంగతి. చివరికి చుట్టూ తిరగడానికి ఏమీ మిగల్లేదు.

"బాబూ, నేను చెప్పినవన్నీ మర్చిపో," అన్నారు. "నాకు ఫుట్‌బాల్ తెలీదు. ఎప్పుడూ ఆడలేదు. చిన్నప్పుడు ఆడించమని అడిగితే గోల్ వెనకాల నిలబడి బంతి తెచ్చివ్వమన్నారు, అంతే. నాకు తెలిసింది పళ్ళు. నువ్వు ముందుకు రావాలో వెనక ఉండాలో నాకేం తెలుసు? నీకే తెలుసు. రేపు నీకు ఎలా తోస్తే అలా ఆడు. నా మాట విని నువ్వు పాడైపోయావు, నన్ను క్షమించు."

అవి అనడానికి ఆయనకు ప్రాణం పోయినంత పనైంది. ఇన్నేళ్ళ అభిమాని నోటి నుంచి 'నాకు తెలీదు' అన్న మాట రావడం ఎంత కష్టమో ఇంకో అభిమానికే తెలుస్తుంది. గోల్‌కీపరు మూసిన కళ్ళ కొసల్లోంచి ఎప్పటిలాగే నీళ్ళు జారాయి. ఆ మనిషిని కదిలించడానికి డాక్టరుగారికి మనసొప్పలేదు. విన్నదంతా మర్చిపోవాలంటే సమయం పడుతుంది కదా అనుకున్నారు. దీపం తగ్గించి, పక్కనున్న చిన్న స్టూలు మీద కూర్చుని, సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయారు. ఆయనకూ కళ్ళు చెమర్చాయి, ఇంకో పసుపు గుడ్డ తీసి తుడుచుకున్నారు. వీధి తలుపు మీద ఎవరో బుగ్గ పట్టుకుని కొట్టి కొట్టి వెళ్ళిపోయారు.

మరునాడు గోల్‌కీపరు ఆడిన ఆట గురించి ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. రావలసినప్పుడు వచ్చాడు, ఉండవలసినప్పుడు ఉన్నాడు. ఎటు దూకితే బంతి అటే వచ్చింది. చివర్లో అవతలివాళ్ళకు పెనాల్టీ దొరికితే స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టింది. డాక్టరుగారు నోటి మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నారు, పొరపాటున ఒక అభిప్రాయం బయటపడుతుందేమోనని. గోల్‌కీపరు బంతిని రెండు అరచేతుల మధ్య పట్టి, దాన్ని గుండెకు హత్తుకుని పడుకున్నాడు. జట్టు గట్టెక్కింది. పక్కనున్న వాళ్ళు డాక్టరుగారి మీద పడి కౌగిలించుకున్నారు. ఎలా ఉంది మన గోడ ఆట అని ఎవరో అడిగారు. నాకేం తెలుసండీ అన్నారు ఆయన, మహా గర్వంగా.

ఆ గర్వం ఆదివారమంతా పొంగుతూనే ఉంది. ఆటగాళ్ళు ఆడి గెలిపిస్తారు, కోచ్‌లు చెప్పి గెలిపిస్తారు. తెలీదని చెప్పి జట్టును గెలిపించిన అభిమాని తనొక్కడే. ఈ త్యాగం గురించి ఎవరికైనా చెప్పాలని నోరు దురద పెట్టింది. సోమవారం గోల్‌కీపరు వస్తే అతని నోటి నుంచే వినాలనుకున్నారు.

సోమవారం అతను వచ్చాడు. ఈసారి మఫ్లరు లేదు, నల్లద్దాలు లేవు. దారిలో జనం పూలు విసిరారట, జుట్టులో రేకులు ఇంకా ఉన్నాయి. చేతిలో పెద్ద పళ్ళబుట్ట. బల్ల మీద పెట్టి, డాక్టరుగారి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"మీ రుణం తీర్చుకోలేను డాక్టరుగారూ. మ్యాచ్ గెలిపించింది మీరే."

డాక్టరుగారు అదేం లేదు బాబూ అన్నారు. అంటూనే ఛాతీ కొంచెం ముందుకు పెట్టారు.

"శుక్రవారం సాయంత్రం దాకా నన్ను లేపకుండా వదిలేశారు చూడండి, అదండీ," అన్నాడు గోల్‌కీపరు. "ఓడటం మొదలయ్యాక నాకు ఇంట్లో కంటి మీద కునుకు లేదు. ఎక్కడికి వెళ్ళినా ఎందుకు ఓడుతున్నారని అడుగుతారు. పాలవాడు అడుగుతాడు, లిఫ్టులో అడుగుతారు, మా అమ్మ ఫోన్ చేసి అడుగుతుంది. జవాబు చెప్పాలి కదా. ఇక్కడ నోట్లో దూది పెడతారు, నన్నెవరూ ఏమీ అడగలేరు. పక్కన మీరు ఏదో చెబుతూ ఉంటారు, ఆ చప్పుడుకు హాయిగా నిద్ర పట్టేస్తుంది. లోకంలో నాకు నిద్ర పట్టేది ఈ కుర్చీలోనే. మైదానంలో కూడా ఆవలింతలు ఆపుకోలేక చచ్చేవాణ్ణి."

డాక్టరుగారు మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. కాసేపు బల్ల మీద పనిముట్లు సర్దారు. సర్ది, మళ్ళీ సర్దారు.

"ఒక్క మాట కూడా వినలేదా?" అన్నారు.

"లేదండీ," అన్నాడు గోల్‌కీపరు మనస్ఫూర్తిగా. "మీరు నోరు విప్పగానే నిద్రపోయేవాణ్ణి."

డాక్టరుగారు బావమరిది వైపు తిరిగారు. వాడు నేల చూపులు చూస్తూ, గురక పెట్టేవాడు బావా, నువ్వది గొట్టం చప్పుడనుకున్నావని గొణిగాడు. మరి కళ్ళలో నీళ్ళు? నిద్రలో అతనికి కళ్ళు కారతాయన్నాడు. చెప్పొచ్చు కదరా అంటే, నువ్వు అంత సంబరంగా మాట్లాడుతుంటే ఎలా చెప్పమంటావన్నాడు వాడు.

డాక్టరుగారు ముందు నవ్వేద్దామనుకున్నారు, నవ్వు రాలేదు. జట్టును ముంచింది తను కాదు. తేల్చింది కూడా తను కాదు. శుక్రవారం గుండె చిక్కబట్టుకుని చెప్పిన ఆ నాలుగు మాటలు ఎవరి చెవినా పడలేదు. ఓడిపోయిన ఏ శనివారం కూడా ఆయనకు ఇంత కష్టంగా లేదు. ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో నోరు తెరిచిన ముఖాలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. జడ్జిగారి ముఖం కూడా గుర్తొచ్చింది. ఆయన కూడా కళ్ళు మూసుకునే ఉన్నారప్పుడు.

గోల్‌కీపరుకు ఇవేమీ తెలియవు. అలవాటైన కుర్చీలో వెనక్కి వాలి, గుడ్డ తనే మెడకు కట్టుకున్నాడు. గెలిచాక నిద్ర ఇంకా పాడైందన్నాడు. ఇప్పుడు జనం వచ్చే ఏడు కప్పు ఎప్పుడు తెస్తారని అడుగుతున్నారట. నోరు తెరిచి, కళ్ళు మూసుకున్నాడు. డాక్టరుగారు అద్దం పట్టుకుని ఊరికే నిలబడ్డారు. అతను ఒకసారి అటు ఒత్తిగిలాడు, ఒకసారి ఇటు. నుదుటి మీద గీతలు పడ్డాయి, ఆ పెద్ద అరచేతులు కుర్చీ చేతుల్ని పట్టుకుని వదలడం లేదు. నిద్రకు దారి దొరకని మనిషి ముఖం అంత దగ్గరగా డాక్టరుగారు ఎప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే, ఆ కుర్చీలో ఆయన పళ్ళు తప్ప ఇంకేమీ చూడలేదు.

ఆయన స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుని, వచ్చే ఏడు మన డిఫెన్స్ ఎలా ఉండాలో మొదలుపెట్టారు. ఎడమ పక్క ఎవరు, కుడి పక్క ఎవరు, మధ్యలో ఎవరిని తేవాలి అన్నీ నిదానంగా చెప్పుకుంటూ వచ్చారు. మధ్యలోకి వచ్చేసరికి గోల్‌కీపరు చేతులు వదులయ్యాయి, గురక మొదలైంది. ఇక గోల్‌కీపరు తప్పులే మిగిలాయి. వాటి గురించి ఆయనకు చెప్పడానికి చాలా ఉంది. అతనికి మెలకువ రాకుండా గొంతు బాగా తగ్గించి, ఒక్కొక్కటే చెప్పసాగారు.